ది డిపార్టెడ్ మళ్ళీ చూశా, ఈసారి హాంకాంగ్ ఒరిజినల్ చూసిన మర్నాడే (కథంతా చెప్పేశాను, జాగ్రత్త)

రెండో_ఆట | శనివారం రాత్రి 10:40

ఈ రెండు సినిమాల గురించి ఇక్కడ ఇదివరకే బోలెడు చర్చ జరిగి ఉంటుంది. అయినా ఆగలేక రాస్తున్నా. నిన్న రాత్రి ‘ఇన్‌ఫర్నల్ అఫైర్స్’ (2002), ఇవాళ సాయంత్రం ‘ది డిపార్టెడ్’ (2006). రీమేక్‌ని ఇంతకుముందు రెండుసార్లు చూశాను, రెండుసార్లూ చప్పట్లు కొట్టాను. ఈసారి చేతులు సగంలో ఆగిపోయాయి.

తెలియనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. పోలీసుల్లో గూండాల మనిషి ఒకడు, గూండాల్లో పోలీసుల మనిషి ఒకడు. మన మధ్య ఎవడో ద్రోహి ఉన్నాడని రెండు పక్కలా తెలిసిపోతుంది. వాణ్ణి పట్టుకునే పని తిరిగి ఆ పోలీసు వేషంలో ఉన్నవాడికే అప్పగిస్తారు. అంటే వాడు తనను తానే వెతుక్కోవాలి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక్కడ ఇంటిదొంగే ఇన్‌స్పెక్టరు.

హాంకాంగ్‌లో దీన్ని ఆండ్రూ లౌ, అలన్ మాక్ కలిసి తీశారు. టోనీ లియుంగ్ గూండాల్లో ఉన్న పోలీసు, ఆండీ లౌ పోలీసుల్లో ఉన్న గూండా. (దర్శకుడు ఒక లౌ, నటుడు ఒక లౌ, ఆ నటుడి పాత్ర పేరూ లౌ. మొదటిసారి టైటిల్స్ చదివినప్పుడు నాకు బుర్ర తిరిగింది.) నాలుగేళ్ళ తర్వాత మార్టిన్ స్కోర్సెసీ అదే కథను బోస్టన్‌లోని ఐరిష్ ముఠాల మధ్యకు తెచ్చాడు. గూండాల్లో ఉన్న పోలీసు బిల్లీగా డికాప్రియో, పోలీసుల్లో ఉన్న గూండాగా మ్యాట్ డేమన్, ముఠా నాయకుడు కాస్టెల్లోగా జాక్ నికల్సన్. రాసింది విలియం మొనహన్.

రీమేక్‌లో నెత్తురు గురించి చెప్పాలి. ఒరిజినల్‌లో చావులు తక్కువేం కాదు, కానీ కెమెరా వాటిని చూసి వెంటనే కళ్ళు దించుకుంటుంది. స్కోర్సెసీ కెమెరా అక్కడే నిలబడుతుంది. పోలీసు అధికారిని మేడ మీదినుంచి తోసే సీన్ రెండిట్లోనూ ఉంది. హాంకాంగ్‌లో ఆయన టాక్సీ మీద పడతాడు. బోస్టన్‌లో డికాప్రియో పక్కనే పడతాడు, నెత్తురు చిమ్మి మీద పడుతుంది. ఆ క్షణం నేను సోఫాలో వెనక్కి జరిగాను. మూడోసారి చూస్తూ కూడా.

అసలు తేడా ముగింపులో ఉంది. ఒరిజినల్‌లో మంచి పోలీసు చచ్చిపోతాడు, దొంగ పోలీసు బతుకుతాడు. బతికి, తాను మోసం చేసినవాడి సమాధి ముందు నిలబడి సెల్యూట్ కొడతాడు. రీమేక్‌లో డేమన్ ఇంటికొచ్చి తలుపు తీస్తే పోలీసు పాత్ర వేసిన మార్క్ వాల్‌బర్గ్ చేతికి గ్లవ్స్, బూట్లకు తొడుగులు వేసుకుని నిలబడి ఉంటాడు. ఒక్క తూటా. అయిపోయింది.

నిన్నటిదాకా ఆ తూటా నాకు మహా ఇష్టం. ఇవాళ అది శిక్షలా అనిపించలేదు, వాడికి దొరికిన సెలవులా అనిపించింది. ఒరిజినల్‌లో ఆండీ లౌ మేడ మీద బతిమాలతాడు, ఇకనుంచి మంచివాడిగా ఉండాలనుకుంటున్నా, ఒక్క ఛాన్స్ ఇవ్వమని. వాడికి నిజంగానే మారాలని ఉంది. మారిన మనిషి తన పాత అబద్ధంలోనే ఉద్యోగం చేస్తూ బతకాలి. డేమన్ పాత్రకు ఆ కోరికే లేదు. కిటికీలోంచి కనిపించే బంగారు గుమ్మటం వైపు చూస్తూ పైకి పోదామనుకుంటాడు, అంతే. అలాంటివాణ్ణి కాల్చేస్తే పోగొట్టుకునేది ఏముంది?

నా మార్కులు: ఒరిజినల్‌కి 9, రీమేక్‌కి 7.5. తిట్టేవాళ్ళు వరుసలో రండి.

ఇంటర్వెల్_బాబాయ్ | శనివారం రాత్రి 11:15

వరుసలో మొదటివాణ్ణి నేనే. ఏడున్నరా? నికల్సన్ ఒక్కడికే ఎనిమిదివ్వాలి నాయనా!

ఆ చివరి తూటా లేకపోతే జనం హాల్లోంచి ఏ మొహంతో బయటకొస్తారు? రెండున్నర గంటలు ఆ డేమన్ నవ్వు భరించాం. బిల్లీ ఏ తప్పూ చెయ్యకుండా లిఫ్టు తలుపు తెరుచుకోగానే తల మీద తూటా తిన్నాడు, ఒక డైలాగు చెప్పుకునే టైమ్ కూడా లేదు. దానికి లెక్క సరిచెయ్యాలా వద్దా? వాల్‌బర్గ్ మొహంలో కోపం కూడా లేదు చూడు. కరెంటు బిల్లు కట్టడానికి వచ్చినవాడిలా వచ్చి పని ముగించుకుని వెళ్ళాడు. అది నాకు నచ్చుతుంది.

నువ్వు వదిలేసిన ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. నికల్సన్ పాత్ర హాంకాంగ్ నుంచి దిగుమతి కాదు. బోస్టన్‌లో వైటీ బల్జర్ అని నిజంగానే ఒక గ్యాంగ్‌స్టర్ ఉండేవాడు, ఏళ్ళ తరబడి ఎఫ్‌బీఐకి ఇన్‌ఫార్మర్‌గా ఉంటూనే తన దందా నడుపుకున్నాడు. సినిమాలో కాస్టెల్లో కూడా ఎఫ్‌బీఐ మనిషే అని బయటపడే మలుపు అక్కడిదే. ఒరిజినల్‌లో ఆ మాటే లేదు. ఇంకా తమాషా ఏంటంటే 2006లో సినిమా వచ్చేనాటికి అసలు బల్జర్ పరారీలో ఉన్నాడు. 2011లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో దొరికాడు, 2018లో జైల్లో సాటి ఖైదీల చేతిలో పోయాడు. రీమేక్ అంటే ఇలా ఉండాలి. కథ అరువు తెచ్చుకున్నా పాపాలు మాత్రం సొంత ఊరివి.

అర_టికెట్ | శనివారం రాత్రి 11:31

అన్నా, టైటిల్‌లో జాగ్రత్త అని రాసి ఉందని తెలుసు. అయినా లిఫ్టు సంగతి చదివేశా. రెండూ చూడలేదు నేను. ఇప్పుడు ఏది ముందు చూడాలి?

ఇంటర్వెల్_బాబాయ్ | శనివారం రాత్రి 11:34

ఇంకేం చూస్తావ్ తమ్ముడూ, అందరూ పోతారు. పడుకో.

లాంతరు | ఆదివారం ఉదయం 7:20

రెండో_ఆట గారు ముగింపు గురించి అన్నది ఒరిజినల్ టైటిల్‌లోనే ఉంది. చైనీస్‌లో ఆ సినిమా పేరు ‘వూ జియాన్ దావ్’. ‘వూ జియాన్’ అంటే మధ్యలో విరామం లేనిది. బౌద్ధంలో అన్నిటికన్నా అడుగున ఉండే నరకానికి ఆ పేరు. సంస్కృతంలో ఆ నరకం పేరు మనకు తెలిసిందే: అవీచి. సినిమా మొదలయ్యేది నిర్వాణ సూత్రం నుంచి ఒక వాక్యంతో, ముగిసేది కూడా అవీచిలో చావు ఉండదు, దీర్ఘాయుష్షే అక్కడి పెద్ద బాధ అనే అర్థం వచ్చే మాటతో.

వీచిక అంటే అల కదా, అవీచి అంటే అల లేనిది. మన భాగవతం పంచమ స్కంధంలో నరకాల జాబితాలో ఇదీ ఉంది. అక్కడికి పోయేదెవరో తెలుసా? అబద్ధపు సాక్ష్యం చెప్పినవాళ్ళు, లావాదేవీల్లోనూ దానాల్లోనూ అబద్ధమాడినవాళ్ళు. నూరు యోజనాల ఎత్తున్న కొండ మీదినుంచి తలకిందులుగా తోస్తారట. కింద రాతినేల నీళ్ళలా కనిపిస్తుంది, కానీ నీళ్ళుండవు. ఒళ్ళు నువ్వుగింజలంత ముక్కలైనా ప్రాణం పోదు. మళ్ళీ ఎక్కిస్తారు, మళ్ళీ తోస్తారు.

ఆ హాంకాంగ్ రచయితలు భాగవతం చదివారని నేననడం లేదు. కానీ అబద్ధమే ఉద్యోగంగా బతికేవాళ్ళ కథ, కలుసుకునేది ఎప్పుడూ మేడల మీద, ఒకణ్ణి పైనుంచి తోసేస్తారు, ఒకడు చావకుండా మిగులుతాడు. నిన్న రాత్రి ఈ థ్రెడ్ చదివి ఆ వచనం వెతికి చూసుకున్నాక నాకు నిద్ర పట్టలేదు.

‘డిపార్టెడ్’ అంటే పోయినవాళ్ళు. అంటే చర్చిలో చనిపోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థనల్లో వినిపించే మాట. అక్కడ పోయినవాళ్ళకు ఒక లెక్క తేలుతుంది. ఇక్కడ లెక్క తేలకపోవడమే శిక్ష. స్కోర్సెసీ కథను బోస్టన్‌కే కాదు, తనకు తెలిసిన నరకంలోకి కూడా మార్చుకున్నాడని నా అభిప్రాయం. అందుకని చివర తూటా తప్పు అనలేను. అది వేరే మతం సినిమా.

కత్తెర | ఆదివారం ఉదయం 9:05

లాంతరు గారూ, మీరిలా పొద్దున్నే పెద్ద రాళ్ళు వేస్తే మేము చిన్న రాళ్ళు ఎక్కడ వెయ్యాలి.

నాది ఎడిటింగ్ గోల. ఒరిజినల్ 101 నిమిషాలు, రీమేక్ 151. సరిగ్గా యాభై నిమిషాలు ఎక్కువ. ఆ యాభై నిమిషాల్లో ఏం పెట్టారని లెక్క వేసుకుంటూ చూశా. పెద్ద వాటా నికల్సన్‌కి పోయింది, బాబాయ్ కోప్పడినా సరే. ఒరిజినల్‌లో ఎరిక్ త్సాంగ్ చేసిన ముఠా నాయకుడు తక్కువ మాట్లాడతాడు, నవ్వుతూ ఉంటాడు, అందుకే భయం. నికల్సన్ వచ్చిన ప్రతి సీన్‌లో కాస్టెల్లో కన్నా నికల్సనే ఎక్కువ కనిపిస్తాడు. రెండో వాటా డికాప్రియో కుటుంబం, చిన్ననాటి సంగతులు. అది దండగ కాదు. బిల్లీ కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటుంటే మనకు ఊపిరాడకపోవడానికి ఆ పునాదే కారణం.

పోగొట్టుకున్నది మాత్రం ఒక సీన్. ఒరిజినల్ మొదట్లోనే ఇద్దరు హీరోలు ఒక స్టీరియో షాపులో కలుస్తారు, ఒకరెవరో ఒకరికి తెలియదు. పక్కపక్కన కూర్చుని చై చిన్ పాడిన పాత పాట ఒకటి వింటారు. అంతే సీన్. వేరే జన్మలో వీళ్ళు స్నేహితులయ్యేవాళ్ళు అని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. తర్వాత ఒకరినొకరు వేటాడుతున్నంతసేపూ ఆ పాట మన చెవిలోనే ఉంటుంది. రీమేక్‌లో ఇది లేదు. అందుకే అక్కడ ఇద్దరూ శత్రువులుగానే కలుస్తారు, శత్రువులుగానే పోతారు.

థెల్మా షూన్‌మేకర్ ఎడిటింగ్‌కి ఆస్కార్ వచ్చింది, రావాల్సిందే. లిఫ్టు సీన్‌లో ఆవిడ మనకు తయారయ్యే టైమ్ ఇవ్వలేదు. మామూలుగా ముఖ్య పాత్ర చనిపోయే ముందు సంగీతమో, క్లోజప్పో ఏదో ఒక సైగ ఉంటుంది. ఇక్కడ తలుపు తెరుచుకుంది, మనిషి లేడు. హాంకాంగ్‌లో తర్వాత ఇంకో షాట్ ఉంది: లిఫ్టు తలుపు మూసుకోబోయి శవానికి తగిలి మళ్ళీ తెరుచుకుంటుంది, మళ్ళీ మూసుకోబోతుంది. లాంతరు గారి నరకం అక్కడే మొదలైందేమో.

ఇంకో చిన్న మాట. రీమేక్‌లో ఎవరైనా చావబోతుంటే ఫ్రేమ్‌లో ఎక్కడో ఒక ఇంటూ గుర్తు ఉంటుంది, గమనించారా? పోలీసు అధికారి క్వీనన్‌ని తోసే బిల్డింగ్ కిటికీల మీద టేపు, చివర డేమన్ నడిచే కారిడార్ కార్పెట్ డిజైన్. 1932 నాటి ‘స్కార్‌ఫేస్’లో హోవర్డ్ హాక్స్ చేసిన పనికి ఇది నమస్కారం. ఒకసారి తెలిశాక ఇక సినిమా చూడలేరు, ఇంటూలు వెతుక్కుంటూ కూర్చుంటారు. సారీ.

నిశాచరి | ఆదివారం మధ్యాహ్నం 1:48

అందరూ మగవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు కాబట్టి నేను రీమేక్‌లోని సైకియాట్రిస్టు మ్యాడలిన్ గురించి అడుగుతా.

ఒరిజినల్‌లో సైకియాట్రిస్టు ఒకామె, దొంగ పోలీసుకి కాబోయే భార్య ఇంకొకామె. ఆ రెండో ఆమె రచయిత్రి, ఎన్నో ముఖాలున్న ఒక మనిషి గురించి నవల రాస్తుంటుంది, ఆ మనిషి తన పక్కనే ఉన్నాడని తెలియకుండా. రీమేక్‌లో ఇద్దరినీ కలిపేసి వేరా ఫార్మిగాకి ఇచ్చారు. కాగితం మీద తెలివైన పనే, ఒకే ఇంట్లో రెండు అబద్ధాలూ కలుస్తాయి. కానీ వృత్తిలో ఉన్న సైకియాట్రిస్టు తన దగ్గరికొచ్చిన పేషెంటుతో అంత తేలిగ్గా సంబంధం పెట్టుకోవడం నాకు ప్రతిసారీ పంటి కింద రాయిలా తగులుతుంది. కథకు అవసరమై జరిగింది గానీ, ఆమెకు అవసరమై జరగలేదు. ఆమెకు సినిమా ఇచ్చిన ఒకే ఒక్క గొప్ప క్షణం చివర్లో, సమాధుల దగ్గర. డేమన్ పలకరించబోతే ఆగకుండా నడిచి వెళ్ళిపోతుంది. మొత్తం సినిమాలో వాడికి పడిన గట్టి దెబ్బ నాకు అదే. తూటా కాదు.

హింస గురించి. నాకు నెత్తురు చూడటం కష్టం, నేను సగం సీన్లు వేళ్ళ సందుల్లోంచి చూసే రకం. కానీ నన్ను భయపెట్టింది తలలు పేలడం కాదు. అనుమానం వచ్చి బిల్లీ చేతికున్న కట్టును పగలగొట్టే సీన్. లోపల వైరేమైనా దాచాడేమోనని విరిగిన చేతి మీదే కొడుతుంటే, అరిస్తే నొప్పికి అరిచాడంటారా, భయంతో అరిచాడంటారా అని నాకు చెమటలు పట్టాయి. ఈ సీన్ హాంకాంగ్‌లోనూ ఉంది. రీమేక్‌లో ఇంకా ఎక్కువసేపు నొక్కుతారు, అక్కడ ఎక్కువే సరైనదనిపించింది.

ఫోన్ల సంగతి కూడా చెప్పాలి. ఒరిజినల్‌లో సమాచారం అందించేది కిటికీ అద్దం మీద వేలితో కొట్టే మోర్స్ కోడ్‌తో. నాలుగేళ్ళకే రీమేక్‌లో జేబులో చెయ్యి పెట్టి చూడకుండా మెసేజ్ కొట్టే రోజులొచ్చాయి. ఇప్పటి టచ్ ఫోన్‌తో అది కుదరదు. అంటే ఆ సీన్ మీట ఫోన్లు ఉన్న కొద్ది సంవత్సరాల్లో మాత్రమే పుట్టగలిగింది. చచ్చిపోయిన క్వీనన్ ఫోన్ నుంచి డేమన్ చేసే కాల్ మాత్రం ఏ కాలంలోనైనా పనిచేస్తుంది. తెర మీద చనిపోయినవాడి నంబరు వెలుగుతుంటే ఎత్తాలా వద్దా?

రెండో_ఆట | ఆదివారం మధ్యాహ్నం 2:30

నిశాచరి గారు, సమాధుల దగ్గరి నడక గురించి మీరన్నది చదివి ఇప్పుడే ఆ సీన్ మళ్ళీ పెట్టి చూశా. ఒప్పుకుంటున్నా. అక్కడ సినిమా ఆపేసి ఉంటే స్కోర్సెసీ కూడా హాంకాంగ్ చోటికే వచ్చేవాడు, వేరే దారిలో. వాడు బతికి ఉన్నాడు, ఉద్యోగం ఉంది, ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. ఆ తర్వాతి తూటాతో అది చెడింది. ఆపైన బాల్కనీ పిట్టగోడ మీద ఎలుక! అమెరికన్ యాసలో ఎలుక అంటే చాటుగా సమాచారం మోసేవాడని అర్థం ఉంది, మనకు ఆ అర్థం లేదు. నేను మొదటిసారి చూసినప్పుడు ఇల్లు శుభ్రంగా ఉంచుకోలేదేమో అనుకున్నా, నిజం.

ఒరిజినల్‌ని కూడా అద్భుతం అని నెత్తిన పెట్టుకోను. అధికారి టాక్సీ మీద పడగానే పాత జ్ఞాపకాలు, గుండె పిండే సంగీతం వేసి మనల్ని ఏడిపించాలని చూస్తారు. అక్కడ స్కోర్సెసీ మౌనమే మేలు.

ఇంటర్వెల్_బాబాయ్ | ఆదివారం మధ్యాహ్నం 2:52

అమ్మయ్య, ఏడున్నర ఎనిమిదైనట్టేనా?

మీరెన్ని నరకాలు తవ్వినా ఒక్కటి గుర్తుంచుకోండి. స్కోర్సెసీకి అంతకుముందు దర్శకుడిగా ఐదు ఆస్కార్ నామినేషన్లు, ఐదూ ఖాళీ. ఆరోసారి ఇచ్చింది ఈ రీమేక్‌కే. ఉత్తమ చిత్రం, స్క్రీన్‌ప్లే, ఎడిటింగ్ కూడా కలిపి నాలుగు. ఆ స్క్రీన్‌ప్లే బహుమతి ఇచ్చేటప్పుడు వేదిక మీద వినిపించిన గొంతు ఒరిజినల్‌ని జపాన్ సినిమా అనేసింది. పాపం హాంకాంగ్ వాళ్ళు.

పాత_రీలు | ఆదివారం సాయంత్రం 6:10

ముగింపు మార్చడం గురించి గొడవ పడుతున్నారు కాబట్టి ఒక పాత కేసు. 1988లో జార్జ్ స్లౌజర్ ‘స్పోర్‌లోస్’ అని ఒక డచ్ సినిమా తీశాడు. ప్రయాణంలో ప్రియురాలు మాయమైపోతుంది, ఏం జరిగిందో తెలుసుకోకుండా అతను బతకలేడు. చివరికి తెలుసుకుంటాడు, ఎలాగంటే చెప్పను, చూడండి. 1993లో హాలీవుడ్ దాన్ని ‘ది వానిషింగ్’గా తీసింది. దర్శకుడు ఆయనే! ఆయన చేతులతోనే తన ముగింపు తీసేసి హీరోని కాపాడుకున్నాడు. ఆ రీమేక్‌ని ఇప్పుడు ఎవరూ తలుచుకోరు.

కాబట్టి ముగింపు మార్చడం నేరం కాదు, భయపడి మార్చడం నేరం. స్కోర్సెసీ భయపడలేదు. అసలు భయపడింది ఎవరంటే, హాంకాంగ్ సినిమాకే ఇంకో ముగింపు ఉంది. చైనా ప్రధాన భూభాగంలో నేరస్థుడు తప్పించుకుపోకూడదని, లిఫ్టు బయటికి రాగానే ఆండీ లౌని అరెస్టు చేసే ముగింపు తీశారు. అది చూస్తే లాంతరు గారి అవీచి మొత్తం ఆవిరైపోతుంది. పోలీస్ స్టేషన్ నరకం కాదు కదా.

మన దగ్గర కూడా నిజాయితీగా హక్కులు కొని తీసినవి ఉన్నాయి. 2015లో కమల్ హాసన్ ‘చీకటి రాజ్యం’. ఫ్రెంచ్‌లో 2011లో వచ్చిన ‘న్యూయీ బ్లాంష్’ దానికి మూలం. ఒక పోలీసు, మాదకద్రవ్యాల సంచి, కిడ్నాపైన కొడుకు, ఒక్క రాత్రి, ఒక్క క్లబ్బు. తర్వాత 2017లో అమెరికాలో జేమీ ఫాక్స్‌తో, 2023లో హిందీలో షాహిద్ కపూర్‌తో అదే కథ వచ్చింది. ఫ్రెంచ్‌ది చూస్తే తెలుస్తుంది, హీరోకి మొదట్లోనే కత్తిపోటు పడుతుంది, ఆ గాయం సినిమా అంతా నడుస్తుంది. అడుగడుక్కీ నీరసించిపోయే మనిషి కొట్లాడుతుంటే ఆ కొట్లాటకు బరువు వస్తుంది. స్టార్ వచ్చి చేరగానే గాయం కట్టు కింద దాక్కుంటుంది. హింస ఎంత చూపించామన్నది కాదు, దెబ్బ తిన్నవాడికి నొప్పి మిగిలిందా లేదా అని చూడాలి.

మోడరేటర్ | ఆదివారం సాయంత్రం 6:25

పాత రీలు గారు, ‘స్పోర్‌లోస్’ ముగింపు చెప్పకుండా ఆగినందుకు ధన్యవాదాలు. ఈ థ్రెడ్‌లో ఆగింది మీరొక్కరే.

అర_టికెట్ | ఆదివారం రాత్రి 11:58

ఒరిజినలే ముందు చూశా. లిఫ్టులో పోతాడని తెలుసు, ఎవరు కాలుస్తారో మాత్రం తెలియదు, కాబట్టి ఆ టైమ్‌లో చచ్చేంత టెన్షన్ పడ్డా. తెలిసి చూస్తే మజా ఉండదన్నది అబద్ధం అన్నా.

కత్తెర గారు చెప్పిన స్టీరియో షాపు సీన్ రాగానే ఆపి, ఆ పాట మొత్తం వెతికి విని, మళ్ళీ మొదలుపెట్టా. నాకు ఒక డౌట్. మూడేళ్ళన్నారు, మళ్ళీ మూడేళ్ళన్నారు, ఇప్పటికి పదేళ్ళు కావస్తోందని టోనీ లియుంగ్ మేడ మీద తన ఆఫీసర్‌తో అంటాడు చూడండి. లాంతరు గారు చెప్పిన నరకం బతికి మిగిలినవాడికే అన్నారు. ఇతను ఆ పదేళ్ళూ ఎక్కడున్నట్టు?

డిపార్టెడ్ రేపు చూస్తా. ఇంటూలు చూడకుండా ఉండటానికి ట్రై చేస్తా, కష్టమే.

లాంతరు | సోమవారం ఉదయం 6:50

తమ్ముడూ, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఇవాళ ఆఫీసుకు సెలవు పెట్టి మళ్ళీ చూస్తాను.